సుభద్రమ్మ టీచర్ నేర్పిన ఒక విశేషణం

ఆదోని నుంచి ఆస్పరికి పోయే దారిలో, ఈ మధ్య ఒక పొద్దున, నా స్కూటర్ ముందు ఒక ట్రాక్టర్ అడ్డం తగిలింది. ట్రాలీ నిండా వేరుశనగ కట్టె. కాయలు దూసుకున్నాక మిగిలే ఎండు చెట్లను మా వైపు అలాగే అంటారు, పశువులకు మేత. దాటిపోవడానికి సందు లేక చాలా దూరం దాని వెనకే నిదానంగా పోయాను. గాలికి ఎండుటాకుల పొడి లేచి మొహానికి తగులుతూ ఉంది. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. దుమ్ము వాసనలాగే మొదలవుతుంది గానీ, లోపల ఎక్కడో సన్నటి తీపి ఉంటుంది. ఉత్త మట్టికి ఆ తీపి ఉండదు. నీళ్లు తాగి, పచ్చగా పెరిగి, ఆ తర్వాత ఎండిన వాటికే ఉంటుంది. హెల్మెట్ లోపల నా పెదవులు వాటంతటవే ఒక ఇంగ్లీషు మాటను పలికాయి. సియర్. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆవిడ గొంతుతోనే పలికినట్టు అనిపించింది.

ఆవిడ పేరు సుభద్రమ్మ. ఆదోనిలో మేము చదివిన ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి ఆడపడుచు. పెళ్లయ్యాక కొన్నాళ్లు కోడుమూరులో ఉండి, తర్వాత భర్తకు ఒక నూనె మిల్లులో గుమాస్తా పని దొరికితే ఆదోని వచ్చి, మా వీధి చివర అద్దె ఇంట్లో దిగారు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఎమ్మిగనూరు నేత చీరలే. గొంతు పెద్దది కాదు. పిల్లలు గోల చేస్తే ఇంకా తగ్గించి మాట్లాడేవారు. ఏం చెబుతున్నారో వినిపించక మేమే గోల మానేసేవాళ్లం. ఆవిడకు ఒక్క విషయంలో మాత్రం ఓపిక ఉండేది కాదు. చేతికి దొరికిన విశేషణం ఏదో ఒకటి తగిలించి వాక్యం పూర్తి చేస్తే సహించేవారు కాదు. ‘అందమైన పువ్వు’ అని రాస్తే, “ఏ పువ్వు? దాన్ని చూసినావా నువ్వు?” అని అడిగేవారు. చూడకుండా రాసినట్టు తేలితే ఆ విశేషణాన్ని కొట్టేసి పువ్వును మాత్రం ఉంచేవారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు జిల్లా స్థాయిలో ఇంగ్లీషు వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం ‘మా ప్రాంతం’. మా బడి నుంచి నన్ను పంపాలని నిర్ణయించారు. మా నాన్నకు మార్కెట్ యార్డు దగ్గర పత్తి కమీషన్ అంగడి ఉండేది. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు లేవు గానీ, ఎవరో చదువుకునే బంధువు వదిలేసి వెళ్లిన ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. దాన్ని ముందు పెట్టుకుని, ఎవరికీ తెలియని మాటలు ఏరుకుని వ్యాసం రాశాను. మొదటి వాక్యంలోనే మా రాయలసీమ నేలకు ‘సియర్’ (sere) అనే మాట తగిలించాను. చూస్తే నాలుగక్షరాల చిన్న మాట. మా తరగతిలో ఎవరూ విని ఉండరు. కర్నూలులో దిద్దేవాళ్లు కూడా ఒక క్షణం ఆగి ఆలోచించాలి అన్నది నా ఆశ.

సుభద్రమ్మ టీచర్ ఆ వాక్యం దగ్గరే ఆగారు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు.

“శైలజా, ఈ మాట నీకు యాడ దొరికింది?”

“డిక్షనరీలో, టీచర్.”

“అర్థమేముంది?”

“ఎండిపోయిన, వాడిపోయిన అని.”

“ఏది ఎండిపోయింది?”

“నేల, టీచర్. మన నేల.”

ఆవిడ ఎర్ర పెన్ను మూత పెట్టి పక్కన పెట్టారు. దిద్దే ఉద్దేశం ఇంకా లేదని దాని అర్థం. “రాయి ఎండుతాదా? రోడ్డు వాడిపోతాదా?” అన్నారు. “ఇది పాత మాట. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరు, పద్యాల్లో తప్ప. ఆకుకు వాడతారు, గడ్డికి వాడతారు, పైరుకు వాడతారు. నేనైతే నేలకు వాడను. ఈ ఆదివారం ఎమ్మిగనూరుకు మా అన్నావాళ్లింటికి పోతాండాను. మీ అమ్మను అడిగి నాతో రా. దారిలో చూపిస్తాను.”

అమ్మ ఒప్పుకుంది. ఆదివారం పొద్దున ఆదోని బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిని పల్లెబస్సు ఎక్కాము. ఆ ఏడు వానలు మొదట్లో పడి తర్వాత మొహం చాటేశాయి. ఊరు దాటాక రెండు వైపులా ఎర్ర నేలలు, అక్కడక్కడ నల్లరేగడి. సగం దారిలో ఒక పల్లె దగ్గర టీచర్ లేచి కండక్టర్‌తో మాట్లాడి బస్సు ఆపించారు. నాకు భయం వేసింది; దిగితే మళ్లీ బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆవిడ గొడుగు విప్పి, నా చేయి పట్టుకుని రోడ్డు దిగి చేలగట్టు మీదికి నడిపించారు.

గట్టుకు ఒక పక్కన బీడు. రాళ్లు, ముళ్లకంప. దాన్ని దున్ని ఎన్నేళ్లయిందో. ఇంకో పక్కన జొన్న చేను. నడుము ఎత్తు పెరిగి, కంకి పట్టకముందే ఎండిపోయింది. ఆకులు అంచుల దగ్గర చుట్టుకుపోయి గాలికి గలగలమంటున్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే రంగు, ఎండు గోధుమ రంగు. టీచర్ నన్ను ఆ బీడు వైపు చూడమన్నారు. తర్వాత ఒక జొన్నాకు తుంచి నా చేతిలో పెట్టారు.

“దీన్ని నలుపు.”

నలిపాను. పొడి పొడి అయిపోయింది. చేతికి తీపి వాసన అంటుకుంది.

“ఆ పక్క ఏం పోయింది? ఏమీ పోలేదు. ఆడ ఎప్పుడూ ఏమీ లేదు. ఈ పక్క పచ్చగా ఉండె. ఎవరో ఇత్తనం ఏసినారు, ఎవరో రోజూ వచ్చి చూసుకున్నారు. ఇది ఉండి, పోయింది. సియర్ అంటే ఇది. చూసినావా?”

“చూసినాను, టీచర్.”

“ఇంకొక్కసారి చూడు. మళ్లీ బస్సు రానీకి శానా సేపుంది.”

నిజంగానే చాలా సేపు పట్టింది. ఆ ఎండలో గొడుగు కింద ఇద్దరం నిలబడి ఆ చేనును చూశాము. మొదట నాకు అంతా ఎండుగానే కనిపించింది. కాసేపయ్యాక కాండం మొదట్లో, మట్టికి ఆనుకుని, కొన్ని చెట్లకు ఇంకా ఆకుపచ్చ చారలు ఉండటం కనిపించింది. సాళ్లు ఎంత నిటారుగా ఉన్నాయో కనిపించింది. ఆ సాళ్లను వేసిన మనిషి నాకు తెలియదు గానీ, ఒక మనిషి ఉన్నాడని మొదటిసారి తెలిసింది. మా అంగట్లో పత్తి నింపిన బోరాల మధ్య ఆడుకుంటూ పెరిగినదాన్ని నేను. బోరాల వెనక చేలు ఉంటాయని, చేలల్లో కొన్నిసార్లు ఇలా అవుతుందని అంతకుముందు నాకు తట్టనే లేదు.

ఎమ్మిగనూరులో టీచర్ వాళ్ల అన్న ఇంట్లో మగ్గం మీద చీర సగం నేసి ఉంది. టీచర్ వాళ్ల అమ్మ, చెవులు సరిగా వినిపించని పెద్దావిడ, ఎందుకంత ఆలస్యమైందని అడిగింది. టీచర్ గట్టిగా, “ఈ పాపకు సియర్ చూపించినానమ్మా దారిలో” అన్నారు.

“సీరనా? దోవలో సీర చూపించేదేమిటికే? ఇంటికొస్తే మగ్గం మీదే ఉండె గదా!”

టీచర్ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పెద్దావిడ నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి, చీర అంచు పట్టి చూపించి, ఇక దారిలో ఎక్కడా చూడాల్సిన పని లేదన్నట్టు తల ఊపింది. ఇంటికి వచ్చాక నా వ్యాసం మొదటి వాక్యం నేనే కొట్టేసి, ఆ జొన్న చేను గురించి రాసుకున్నాను. పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. టీచర్ దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. “ఆ వాక్యం బాగుంది” అని మాత్రం అన్నారు.

ఆ మరుసటి సంవత్సరం మా ఇంట్లో అక్కకు శ్రీమంతం చేశారు. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఎవరినీ అడగకుండా టీచర్ ఇంటికి పోయి రమ్మని చెప్పి వచ్చాను. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, “వస్తాలేమ్మా” అన్నారు. ఇంట్లో ఆ సంగతి చెప్పగానే మా అవ్వ మొహం మారిపోయింది. “ఎవరు పిలవమన్నారే నిన్ను? ఆయమ్మ గొడ్రాలు. కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే కాడికి గొడ్రాలిని పిలుస్తారా?” అంది. అవ్వ మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

టీచర్ వచ్చారు. కొత్త చీర కట్టుకుని, చేతిలో మల్లెపూల పొట్లంతో మెట్ల దాకా వచ్చారు. లోపల అవ్వ ఎదురుగా కూర్చుని ఉంది. రమ్మని అనలేదు. వద్దని కూడా అనలేదు. మొహం పక్కకు తిప్పుకుంది, అంతే. టీచర్‌కు అర్థమైంది. గడప ఎక్కలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది గానీ నోరు పెగలలేదు. టీచర్ నన్ను పిలిచి పొట్లం నా చేతిలో పెట్టారు.

“మీ అక్కకు పెట్టు పాపా. నాకు పేపర్లు దిద్దేవి ఉండాయి.”

ఆవిడ వీధి చివరి దాకా నిదానంగానే నడిచి వెళ్లారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఎప్పుడు కలిసినా ఆ రోజు సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా అక్క ఎలా ఉందని అడిగేవారు. పాప పుట్టిందని తెలిశాక, ఏం పేరు పెట్టారని అడిగారు. చెబితే ఆ పేరును ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకుని, “మంచి పేరు” అన్నారు.

ఇంటర్ అయ్యాక వ్యవసాయ కోర్సులో చేరతానంటే నాన్న ఒప్పుకోలేదు. బీకాం చదివి, పెళ్లయ్యేదాకా అంగట్లో లెక్కలు చూసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. నేనే టీచర్‌ను పిలుచుకుని వచ్చాను. అప్పటికి అవ్వ మంచం పట్టింది. టీచర్ మా అంగడికే వచ్చారు. నాన్న లేచి కుర్చీ వేశాడు.

“ఆడపిల్ల చేన్లెంబడి ఎండలో తిరిగేదేంది టీచరమ్మా? మాకు ఆ కర్మ లేదు” అన్నాడు నాన్న.

“మీ అంగడికి వచ్చే పత్తి యాడ్నుంచి వస్తాందన్నా?”

“యాడ్నుంచేంది, పల్లెల్నుంచి.”

“ఆడ ఒక్కతూరి పత్తి చేను ఎండిపోతే మీ అంగట్లో ఎవురికన్నా తెలుస్తాందా?”

“ఎందుకు తెలీదు? సరుకు రాదు.”

“సరుకు రాదని తెలుస్తాది. చేను ఎండిందని తెలీదు. శైలజకు తెలుస్తాది. నేను చూసినాను, ఆ పిల్ల నిలబడి చూసింది. అట్లా చూసేవాళ్లు తక్కువన్నా. పంపించు.”

నాన్న ఆ పూట ఏమీ తేల్చలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు అన్నం తింటూ, “అప్లికేషన్ ఎప్పటికి పెట్టాల?” అని అడిగాడు. నా జీవితం ఎక్కడ మలుపు తిరిగిందీ అంటే అక్కడే తిరిగింది.

కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాలు ఎన్నో దొరికాయి. చదువుతుంటే ఒకచోట నా పాత మాట ఎదురైంది. ఎవరో పెద్ద రచయిత కొండలకు, ఇసుక నేలలకు కూడా సియర్ అని వాడాడు. ఇంకో రెండు నిఘంటువులు తిరగేశాను. మొక్కలకు వాడటమే ఎక్కువ గానీ, ఎండిన నేలకు వాడినా తప్పు లేదన్నట్టే ఉంది. సెలవులకు ఆదోని వచ్చినప్పుడు కొంచెం ఉత్సాహంగానే ఆవిడ దగ్గరికి పోయి చెప్పాను. మీరు చెప్పినంత గట్టి నియమం లేదు టీచర్, అన్నాను. ఆవిడ వరండాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నారు.

“నాకు తెలుసు” అన్నారు.

“మరి ఆ రోజు కాదన్నారు?”

“కాదనలేదే. నేను వాడను అన్నాను. వాళ్లను వాడనీ, వాళ్లిష్టం. మాటకు నిఘంటువు ఒక హద్దు చెప్తాది. ఆ హద్దు లోపల మనం యాడ నిలబడాలనేది మనం చూసుకోవాల.” కాసేపు పప్పు ఏరుతూ ఉండి, తల ఎత్తకుండానే అన్నారు. “అన్నిటికీ ఒకే మాట వాడితే, ఏది ఒకప్పుడు పచ్చగా ఉండెనో ఎవరికి తెలుస్తాది పాపా?”

అది ఇంగ్లీషు టీచర్ పట్టుదల అనుకున్నాను. కాఫీ తాగి వచ్చేశాను. అంతకు మించి ఆలోచించే వయసు కాదు నాది.

నాకు వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చి, మొదట తుగ్గలి మండలంలో పనిచేస్తున్నప్పుడు టీచర్ రిటైరయ్యారు. బడి ఆవరణలో షామియానా వేసి సన్మానం చేశారు. పాత విద్యార్థినులం చాలామందిమి పోయాము. అమ్మ కూడా నాతో వచ్చింది. టీచర్ భర్త శంకరప్ప గారు వెనక వరసలో, చివరి కుర్చీలో కూర్చున్నారు. ఆయన మాటలు చాలా తక్కువ. మా వీధిలో అన్నేళ్లు ఉన్నా, ఆయన గొంతు ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తు లేనివాళ్లే ఎక్కువ. వేదిక మీద ఊరి పెద్దమనిషి ఒకాయన చాలా బాగా మాట్లాడారు. టీచర్ క్రమశిక్షణ గురించి, నిజాయితీ గురించి చెప్పారు. చివర్న గొంతు కొంచెం బరువు చేసుకుని, “సంతానం లేని ఈ తల్లికి మీరంతా సంతానమే” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాము. నేనూ కొట్టాను. వినడానికి ఎంతో మంచి మాట అది.

తర్వాత టీచర్ లేచారు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, మైకు దగ్గరికి వచ్చారు. ఎప్పటి గొంతే. అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. తోటి టీచర్లను, గంట కొట్టే ఆయాను పేరుపేరునా తలచుకున్నారు. ఇక అయిపోయిందనుకుంటుండగా ఆగి, ఆ పెద్దమనిషి వైపు తిరిగారు.

“అయ్యా, మీరు ప్రేమతో అన్నారు. మీకు తెలీదు కాబట్టి అన్నారు. ఇన్నాళ్లూ నేను చెప్పలేదు కాబట్టి తప్పు నాదే. ఒక్క మాట సరిచేసి పోతాను. పిల్లల వాక్యాలు దిద్దినదాన్ని, నా వాక్యం నేను దిద్దుకోకుంటే ఎట్లా?”

కొందరు నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వారు.

“సంతానం లేని అన్నారు. మాకు ఒక కూతురు ఉండె. పేరు వాణి. మేము కోడుమూరులో ఉన్నప్పుడు పుట్టింది. మూడేండ్ల పిల్లయినాక జ్వరమొచ్చి పోయింది. ఆ ఊర్లో ఉండలేక ఈడికి వచ్చినాము. ఈడ ఎవరికీ చెప్పలేదు. ఎవరేమన్నా ఊరుకున్నాను. లేకపోవడం వేరే. ఉండి, పోవడం వేరే. రెంటికీ ఒకటే మాట వాడితే నా బిడ్డ పుట్టనే లేదన్నట్టు అయితాది. ఆ పిల్ల పుట్టింది. నడిచింది. మాట్లాడింది. అంతే నేను చెప్పేది.”

నమస్కారం పెట్టి వచ్చి కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదని అందరికీ తెలిసింది. ఆ పెద్దమనిషి లేచి వచ్చి ఆవిడ ముందు చేతులు జోడించారు; ఆవిడ కూడా జోడించారు. నా పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ పొద్దు మల్లెపూలు తెచ్చుకుని మెట్ల కాడ నిలబడె గదే ఆయమ్మ” అంది. “నేను గుమ్మంలోనే ఉంటిని. రామ్మా అనలేకపోతిని.” ఆ సాయంత్రం అమ్మ టీచర్ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పూలదండలు, శాలువాలు మోసుకుని నేను టీచర్ వాళ్లతో పాటు ఇంటికి నడిచాను. అమ్మ ముందే వెళ్లిపోయింది. మార్కెట్ వీధి దాటాము. శంకరప్ప గారు రెండడుగులు ముందు నడుస్తున్నారు. ఉన్నట్టుండి, వెనక్కి తిరగకుండానే అన్నారు.

“దానికి బొరుగులంటే పానం.”

టీచర్ రోడ్డు మధ్యలో ఆగిపోయారు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. ఆయన తిరిగి వచ్చి ఆవిడ చేయి పట్టి పక్కకు తెచ్చారు.

“బెల్లం వేసి కలిపితే గిన్నె వదిలేది కాదు” అన్నారు టీచర్.

“నువ్వు కలిపితే తినేది కాదు. నేను కలపాల.”

“ఔను. నువ్వు బెల్లం ఎక్కువేస్తాంటివి గదా, అందుకు.”

ఇద్దరూ నవ్వారు. రోడ్డు పక్కన నిలబడి ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల చెప్పులు తిరగేసి వేసుకునేదట. శంకరప్ప గారిని పేరు పెట్టి పిలిచేదట. నేను కొంచెం దూరంగా జరిగి, దండలు పట్టుకుని నిలబడ్డాను. ఆ బిడ్డ పోయాక వాళ్లిద్దరి మధ్య ఆ పిల్ల మాట రావడం అదే మొదటిసారి అని టీచర్ తర్వాతెప్పుడో చెప్పారు. “నేను తట్టుకోలేనని ఆయన అనుకున్యాడు. ఆయన తట్టుకోలేడని నేను అనుకుంటిని. ఇద్దరమూ ఒకరినొకరు కాపాడుకుంటా ఆ పిల్లను ఒంటరిదాన్ని చేస్తిమి” అన్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మార్పు వచ్చింది. పెద్ద మార్పేమీ కాదు. పోయినప్పుడల్లా శంకరప్ప గారు కూడా వరండాలోకి వచ్చి కూర్చునేవారు. మాటల్లో వాణి పేరు వచ్చేది, ఏ వంట దగ్గరో, ఏ పండగ దగ్గరో. వచ్చి, పోయేది. ఎవరూ కళ్లు తుడుచుకునేవాళ్లు కాదు. వీధిలో ఆడవాళ్లు మెల్లమెల్లగా టీచర్‌ను శుభకార్యాలకు పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ కొన్నింటికి పోయేవారు, కొన్నింటికి పోయేవారు కాదు. ఎవరి మీదా పాత కోపం చూపించలేదు గానీ, తనకు ఇష్టమైన ఇంటికే పోయేవారు. మా అక్క రెండో కాన్పుకు గాజులు తొడిగించినప్పుడు మాత్రం అమ్మ స్వయంగా పోయి పిలుచుకుని వచ్చింది. మొదటి గాజు ఆవిడే తొడిగారు.

నిరుడు వేసవిలో టీచర్ చనిపోయారు. గుండె జబ్బు. చివరి నెలల్లో ఆవిడా, శంకరప్ప గారూ ఎమ్మిగనూరులో అన్న కొడుకుల దగ్గర ఉన్నారు. నేను చివరిసారి చూసినప్పుడు మాట్లాడటానికి ఆయాసపడుతున్నారు. “ఏ మండలం ఇప్పుడు?” అని అడిగారు. ఆస్పరి అని చెప్పాను. “వానలెట్లుండాయి?” అన్నారు. బాగా లేవని చెప్పాను. తల ఊపి నా చేయి నొక్కారు. మేము ఇంగ్లీషు మాటల గురించి ఏమీ మాట్లాడుకోలేదు. మగ్గాల చప్పుడు వింటూ కాసేపు కూర్చుని వచ్చాను.

ఈ ఏడు కూడా మా మండలంలో వానలు దగా చేశాయి. పంటల నమోదుకు ఊరూరా తిరుగుతున్నాము. మొన్న ఒక పల్లెలో ఎర్ర నేల చేను ఒకటి చూశాము. చూడటానికి ఖాళీ నేల. ఒక్క మొక్క లేదు. నాతో వచ్చిన సహాయకుడు చేతిలో ఉన్న ట్యాబ్ తెరిచి, “ఇది బీడు మేడమ్. సాగు లేదని పెట్టేద్దాం, ఇంకా శానా ఉండాయి” అన్నాడు. అతని తప్పు లేదు. ఎవరు చూసినా అలాగే అంటారు. చేను గట్టు మీద ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు ఈరమ్మ. చేను ఆమెదే.

“ఏసినామమ్మా” అంది. “ఇత్తనం ఏసినాము. మొలిసింది. పూత గూడా పట్టింది. ఆమైన వాన ఎగ్గొట్టె. నిలువునా ఎండిపోయినాక ఇంగేం సేస్తాము, గొడ్లను ఇడిస్తిమి మేసేకి.” నమ్మించాలనే ఆత్రం కూడా ఆమె గొంతులో లేదు. ఎంతమందికి చెప్పి ఉంటుందో.

నేను చేనులోకి దిగి కూర్చుని చేత్తో మట్టి తోశాను. పైన దుమ్ము, కింద గట్టి నేల. కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత చిటికెన వేలంత పొడవు ఎండు మోడు ఒకటి దొరికింది. దాని పక్కన జానెడు దూరంలో ఇంకొకటి. అలా చూస్తూ పోతే గొర్రుతో విత్తిన సాలు, నిటారుగా, గట్టు దాకా. సహాయకుడిని పిలిచి చూపించాను. “వేరుశనగ. సాగు అయింది. పూత దశలో ఎండిపోయింది. అలా పెట్టండి” అన్నాను. అతను వంగి, ఆ మోడును తాకి చూసి, ట్యాబ్‌లో మార్చాడు. ఫోటో తీశాడు. మా పని అక్కడికి అయిపోయింది. తర్వాతి చేనుకు పోవచ్చు.

నేను పోలేదు. ఏదైనా పోగొట్టుకున్నవాళ్లు ఎదురైనప్పుడు ఎంత పోయిందని అడిగి ఊరుకోలేను. అది ఉన్నప్పుడు ఎలా ఉండేదో కూడా అడుగుతాను. ఇంట్లోనైనా, ఆఫీసులోనైనా, చావింట్లోనైనా ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చేస్తుంది. చేతులు దులుపుకుని ఈరమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాను.

“పూత పట్టినప్పుడు ఎట్లుండె ఈరమ్మా నీ చేను?”

ఆమె నా వైపు వింతగా చూసింది. “ఎట్లుండె అంటే?”

“చెప్పు. నేను చూడలేదు గదా.”

ఆమె తలమీది కొంగు సర్దుకుని, ఆ ఖాళీ నేల వైపు చేయి చాపింది.

“ఆ పొద్దు రావాల్సుండె మేడమ్ నువ్వు. ఆ మూల నుంచి ఈ మూలకు, సూస్తే కండ్లు సల్లగయ్యేవి. పొద్దునపూట పచ్చని ఆకు సందులో సిన్న సిన్న పసుప్పూలు. నా మనవరాలు తెంపుతానంటే వద్దే, అవి కాయలయ్యేవి అని నేను…”

సహాయకుడు కూడా వచ్చి ఆమెకు అటు పక్కన కూర్చున్నాడు. ఆమె చెబుతూ పోయింది.